కుట్టేసిన జేబు

“గోధుమా?” అన్నాడు మా ఆయన.

“గోధుమే,” అంది డాక్టరమ్మ.

“మైదా పరవాలేదుగా?”

“మైదా ఎక్కణ్ణుంచి వస్తుంది పెద్దాయనా? గోధుమల్లోంచేగా! బ్రెడ్డు, బిస్కెట్టు, కేకు, రవ్వ, ఏదీ పనికిరాదు. చిటికెడు కూడా లోపలికి పోకూడదు. పోయిందంటే పిల్ల పేగులు పుండ్లు పడతాయి. ఇది మందులతో పోయేది కాదు, జన్మంతా ఉండేదే.”

మా ఆయన నా వంక చూశాడు. నేను మావాడి వంక చూశాను. మావాడు కోడలి వంక చూశాడు. మా మనవరాలు పిచ్చుక మాత్రం బల్లమీది రబ్బరు స్టాంపు తీసి చేతిమీద గుద్దుకుంటోంది.  మాది బేకరీ. ముందు గదుల్లో పొయ్యి, వెనక గదుల్లో మేము. మీసాలు రాకముందే పిండిలో చెయ్యి పెట్టిన మనిషి మా ఆయన, ఇంతవరకూ తియ్యలేదు. ఆ పిండితోనే కొడుకుని పెంచాం, పెళ్లి చేశాం. ఆ పిండే మా పిల్లని తినేస్తోందంటే ఎవరు నమ్ముతారు?

పిచ్చుక అన్నది మేం పెట్టుకున్న పేరు. తినేది గింజంత, కూసేది రోజంతా. ఐదేళ్లు నిండినా మూడేళ్ల పిల్లలా ఉండేది. పొట్ట ఉబ్బు, ఆగని విరేచనాలు, పుల్లల్లాంటి కాళ్లు. పిల్ల నీరసంగా ఉందని మేమే పాలల్లో బన్ను ముంచి పెట్టేవాళ్లం. అది గుర్తొచ్చి కోడలు అక్కడే ఏడ్చేసింది.

“మీ ఇల్లు బేకరీ వెనకే అంటున్నారు,” అంది డాక్టరమ్మ. “ఈ బడి సెలవులు అయ్యేదాకా చూస్తాను. జాగ్రత్తగా ఉంచగలిగితే సరే. తగ్గకపోతే మాత్రం పిల్లని ఆ ఇంట్లో ఉంచడానికి వీల్లేదు.”

ఓట్స్ సంగతి చెప్పింది కూడా ఆవిడే. గోధుమ కలవలేదని పరీక్ష చేసి అమ్మేవి దొరుకుతాయట, కొంచెం కొంచెంగా అలవాటు చేసి చూడమంది. “మిల్లుకి మాత్రం తీసుకెళ్లకండి. ఆ రాళ్ల నిండా గోధుమే. ఇంట్లోనే పిండి పట్టుకోండి.”

మా ఆయన అప్పటిదాకా తల వంచుకుని కూచున్నవాడు, ఆ మాటకి తలెత్తాడు. “పిండా? పిండి సంగతి నాకొదిలేయండి,” అన్నాడు.

ఇంటికి రాగానే యుద్ధానికి దిగాం. బేకరీకీ ఇంటికీ మధ్య తలుపు మూసేశాం, అటువాళ్లు ఇటు రావాలంటే సందు చుట్టూ తిరిగి రావాల్సిందే. వంటింట్లో గోధుమ అన్న మాట కనబడ్డ డబ్బా ప్రతిదీ అవతల పడింది. అలమరాలు నేనూ కోడలూ గీకి గీకి కడిగాం. కొత్త మిక్సీ, కొత్త జల్లెడ, కొత్త రొట్టెల పీట, కొత్త అప్పడాల కర్ర. ఒక్కోదానికీ ఎర్ర దారం కట్టింది కోడలు. దారం ఉన్నది పిచ్చుకది, దాన్ని ఇంకెవరూ ముట్టుకోకూడదు. నా మంచం పక్క రస్కుల డబ్బా కూడా పోయింది. టీలో రస్కు ముంచుకోకపోతే నాకు పొద్దు గడవదు, అయినా కిమ్మనకుండా ఇచ్చేశాను.

ఇక మా ఆయన. పనిలోంచి వచ్చి ఒళ్లంతా రుద్దుకుని స్నానం చేసి, ఉతికిన బట్టలు కట్టుకుని గానీ వంటింటి గడప తొక్కేవాడు కాదు. మొదటిరోజు ఓట్స్ మూకుట్లో వేసి, పచ్చివాసన పోయేదాకా సన్నసెగమీద కదిపాడు. అక్కడిదాకా బాగానే ఉంది. ఆత్రం ఆగక, వేడివేడిగానే మిక్సీలో పోసి తిప్పాడు. మూత తీస్తే ఏముంది, ఆవిరి పట్టి అడుగున ఉండలు, పైన రవ్వ.

“ఊరందరికీ రొట్టెలు చేసిపెట్టే మహానుభావుడివి, గుప్పెడు పిండి పట్టడం రాదా?” అన్నాను.

“నోర్ముయ్యవే. నాకు పిండి బస్తాల్లో వస్తుంది, పుట్టేటప్పుడు నేనెప్పుడు చూశాను?” అన్నాడు.

తర్వాత నేర్చుకున్నాడు. వేయించినవి పళ్లెంలో పరిచి పూర్తిగా చల్లారనిచ్చేవాడు. కొంచెం కొంచెం వేసి, తిప్పుతూ ఆపుతూ, మిక్సీ జారు వేడెక్కితే దించేసేవాడు. జల్లెడ పట్టి, పైన మిగిలిన రవ్వ మళ్లీ తిప్పేవాడు. చివరికి వేళ్ల మధ్య నలిపి చూసుకుని, “ఇదీ పిండంటే,” అని మురిసిపోయేవాడు. పిండి తెల్లగా ఉండదు, కాస్త బూడిదరంగు. అదొక్కటే ఆయనకి వెలితి.

పిండి కుదిరింది గానీ ముద్ద కుదర్లేదు. చన్నీళ్లు పోస్తే పొడిపొడి, ఎక్కువ పోస్తే బంక. లాగి చూస్తే సాగకుండా పుటుక్కున తెగుతుంది. “ఇదేం పిండే! గోధుమపిండి ఎంత లాగితే అంత వస్తుంది. దీనికి సాగడమన్నదే తెలీదు,” అని తిట్టుకునేవాడు. కర్రతో ఒత్తబోతే ముక్కలయ్యేది. అందుకని కవరుమీద నూనె రాసి, చేత్తో తట్టి, వంకరటింకరగా మందపాటి రొట్టెలు కాల్చేవాడు. పిచ్చుక వాటికి పేర్లు పెట్టేది, ఇది చెప్పు, ఇది తాతయ్య చెవి అని. నవ్వుకుంటూ నవ్వుకుంటూ తినేది.

పిల్ల కోలుకోవడం మొదలుపెట్టింది. పొట్ట తగ్గింది. రాత్రిళ్లు ఏడవకుండా పడుకుంది. ఒకరోజు “నానమ్మా, ఆకలేస్తోంది” అంది. ఆ మాట ఆ పిల్ల నోట మేం ఎన్నడూ వినలేదు. మావాడు బయటికి వెళ్లి కళ్లు తుడుచుకుని వచ్చాడు.

ఈలోగా మా ఆయనకి కిటుకు దొరికింది. మరిగే నీళ్లు పోసి, మూతపెట్టి, గోరువెచ్చగా అయ్యాక మర్దిస్తే ముద్ద చెప్పినట్టు వింటుంది. ఆ రోజు ఆయన మొహం చూడాలి! “ఏప్రాన్ తీసుకురావే,” అని కేకేశాడు. లాండ్రీ నుంచి వచ్చిన ఏప్రాన్లు మధ్య తలుపుకి ఇటువైపు మేకులకి ఆయనే తగిలించుకునేవాడు. అందులోంచి తెల్లగా మడత నలగనిది తెచ్చిచ్చాను. అది కట్టుకుని, పీట ముందు నిలబడి, కర్రతో నాలుగుసార్లు ఒత్తాడో లేదో, పూర్ణచంద్రుడిలా గుండ్రటి రొట్టె! పిచ్చుక చప్పట్లు కొట్టింది. మేమందరం కొట్టాం.

ఆ చప్పట్లు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

పట్టుమని పది రోజులు కాలేదు, పిచ్చుక మళ్లీ మంచమెక్కింది. మళ్లీ అదే పొట్ట, అవే విరేచనాలు. ముందుకన్నా నీరసం. మాట్లాడే ఓపిక కూడా లేక గోడవైపు తిరిగి పడుకునేది. దగ్గరికెళ్లి చూస్తే మెడ ఎముకలు కనబడుతున్నాయి. పరీక్ష చేసి డాక్టరమ్మ కళ్లజోడు తీసింది.

“పిల్లకి గోధుమ అందుతోంది. రోజూ అందుతోంది,” అంది. “ఎలాగో నాకు తెలీదు, మీరే చూసుకోవాలి.”

 ఇంటికొచ్చాక కోడలు ఇల్లంతా దులిపింది. నా మంచం కింద, గోడవార, ఇంత రస్కు ముక్క దొరికింది. ఎప్పటిదో, చీమలు తినగా మిగిలింది. దాన్ని అరచేతిలో పెట్టుకుని నా ముందు నిలబడింది.

“అత్తయ్యా, నిజం చెప్పండి. దానికేమన్నా పెడుతున్నారా?”

“నేనా?”

“మధ్యాహ్నం మీ దగ్గరే పడుకుంటుందిగా. ఏడిస్తే చూళ్లేక... మిమ్మల్ని తిట్టడానికి కాదు, అడుగుతున్నాను.”

 మావాడి వంక చూశాను. వాడు నేలచూపులు చూస్తున్నాడు. అంటే వాడికీ అనుమానమే. కడుపున పుట్టినవాడికి!

“దాని మీద ఒట్టు, నేనేం పెట్టలేదు,” అన్నాను.

“దానిమీద ఒట్లెందుకమ్మా, అసలే అది...” అని మావాడు మధ్యలో ఆపేశాడు.

మా ఆయన నావైపు మాట్లాడతాడని చూశాను. మాట్లాడాడు. “అది తెలిసి చెయ్యదురా,” అన్నాడు. తెలిసి! అంటే తెలియక చేశాననేగా. అంతకన్నా ఏమీ అనకుండా ఉంటే నయం.

మర్నాటి నుంచి నన్ను వంటింట్లోకి రానివ్వలేదు. “మీరు విశ్రాంతి తీసుకోండి అత్తయ్యా,” అంది కోడలు, ఎంత మర్యాదగానో! పిచ్చుక మంచం వాళ్ల గదిలోకి పోయింది. మావాడు నాలుగు వీధుల అవతల రెండు గదులు చూసి తాళంచెవి కూడా తెచ్చేశాడు. వచ్చే ఆదివారం మారిపోతారట. నన్నెవరూ తిట్టలేదు, అదే నాకు తిండి సయించకుండా చేసింది. తిడితే తిరిగి తిట్టొచ్చు కదా.

పనీపాటా లేకుండా కూచోవడం నా వల్ల కాలేదు. పెరట్లో బట్టల పని పెట్టుకున్నాను. ఎవరివి పడితే వాళ్లవి, మాసినవీ మాయనివీ ఉతికేదాన్ని. ఒక మధ్యాహ్నం మా ఆయన పిచ్చుకకి రొట్టెలు కాల్చి, ఏప్రాన్ విప్పి కుర్చీమీద వేసి పడుకున్నాడు. దాన్నీ తీసుకెళ్లి బకెట్లో ముంచాను. ఉతకడానికి తిరగేస్తుంటే జేబులో ఏదో మెత్తగా తగిలింది. వేళ్లు పెట్టి తీస్తే తడిసిన పిండి.

ఓట్స్ పిండేమో, ఒంటిమీద రాలి ఉంటుంది అనుకున్నాను. వేళ్లమధ్య నలిపాను. బంకగా అంటుకుంది. రెండు వేళ్లూ విడదీశాను.

సాగింది.

ఇంకాస్త విడదీశాను. తీగలా ఇంకా సాగింది. బకెట్టు పక్కకి నెట్టేశాను. బేకరీవాడి పెళ్లాన్ని, సాగేది ఏ పిండో నాకు ఒకరు చెప్పాలా? ఆ ఏప్రాన్ కట్టుకుని బేకరీలో పనే చెయ్యలేదు, ఇంట్లోనే ఉంది. దాని జేబులో మైదా ఎలా వచ్చింది?

ఆలోచిస్తే తట్టింది.  మా ఆయనకో అలవాటు. లాండ్రీ ఏప్రాన్ మేకుకి తగిలించే ముందే, రేపటి పనికని బేకరీలో దాని జేబులో గుప్పెడు పొడి మైదా పోసుకొస్తాడు. పీటమీద ముద్ద అంటుకోకుండా చల్లడానికి మాటిమాటికీ బస్తా దగ్గరికి పోనక్కర్లేదు, చెయ్యి జేబులోకి పోతే చాలు. పెళ్లయిన కొత్తలోనే చూశాను. లాండ్రీవాళ్లు కూడా దీనిమీద గోల పెట్టేవాళ్లు. నేను తెచ్చిచ్చిన ఆ మడత నలగని తెల్లటి ఏప్రాన్ జేబులో అప్పటికే మైదా ఉంది.

అయినా నమ్మబుద్ధి కాలేదు. మర్నాడు పెరటి కిటికీ పక్కన నిలబడి చూశాను. మా ఆయన స్నానం చేసి వచ్చాడు. మోచేతులదాకా సబ్బుతో కడుక్కున్నాడు. ఇంకో ఏప్రాన్ కట్టుకున్నాడు. పీటమీద ముద్ద పెట్టాడు. పక్కనే గిన్నెలో, చల్లుకోవడానికని, ఓట్స్ పిండి ఉంది. కర్ర తియ్యబోతూ చెయ్యి జేబులోకి పోయింది. వచ్చింది. పీటమీద చిలకరించింది. తర్వాత తీరిగ్గా గిన్నెలో పిండి తీసి దానిమీద చల్లాడు. ఒక్కో రొట్టెకీ అంతే. కళ్లు మాత్రం గోడమీది పిచ్చుక బొమ్మల మీదే ఉన్నాయి. ఏదో పాట కూడా కూనిరాగం తీస్తున్నాడు.

ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. దొంగకే తాను దొంగనని తెలియకపోతే?

లోపలికి పరిగెత్తి రొట్టెలన్నీ చెత్తబుట్టలో వేశాను.

“మతిపోయిందా నీకు?” అన్నాడు.

“జేబులో ఏముందో చూసుకో.”

చూసుకున్నాడు. పిండి కనబడింది. “ఉంటే ఉంది. నేను తియ్యలేదుగా,” అన్నాడు.

“తీశావు. నా కళ్లారా చూశాను. ప్రతి రొట్టెకీ తీశావు.”

“నేనా? నా పిచ్చుకకా?” ఆయన మొహం కందగడ్డయింది. “నీమీద పడ్డ నింద నామీదికి తోస్తున్నావా? నా చెయ్యి ఏం చేస్తోందో నాకు తెలీదా?”

ఆ ఒక్క మాటతో నాకు తిక్క రేగింది. కోడలిని పిలిచి, కొడుకుని పిలిచి, ఇదిగో చూడండర్రా అని అరుద్దామనుకున్నాను. నోటిదాకా వచ్చింది. కానీ ఆయన మొహం చూశాక ఆగిపోయాను. అబద్ధమాడే మొహం కాదది. నిజంగానే ఆయనకి తెలీదు. ఇంకొకరు చెప్తే చచ్చినా నమ్మడు, నమ్మినా తట్టుకోలేడు. ఆ పూట పిల్లకి అన్నం వండించి ఊరుకున్నాను.

ఆయన పడుకున్నాక మేకులకున్న ఏప్రాన్లన్నీ తీసి దులిపి, ఉతికి, ఎండలో ఆరేశాను. ఆరాక సూదీ దారం తీసుకుని ఒకదాని జేబు మూతి కుట్టేశాను. ఎర్రదారమే దొరికింది.

మర్నాడు శనివారం. మావాడు గదులకి సామాను సర్దుతున్నాడు. కోడలు పిచ్చుకని ఎత్తుకుని వంటింట్లో కూచుంది. నేను గడప ఇవతలే నిలబడ్డాను, లోపలికి నాకు హక్కు లేదుగా. మా ఆయన నాతో మాట్లాడకుండా, నా చేతిలో ఏప్రాన్ చూడకుండా లాక్కుని కట్టుకున్నాడు. ముద్ద పెట్టాడు. కర్ర అందుకోబోయాడు.

చెయ్యి జేబు దగ్గరికి వెళ్లి ఆగింది.

వేళ్లు కుట్టుని తడిమాయి. ఆయన కిందికి చూశాడు. చేతిని తీసి మళ్లీ కర్రమీద పెట్టాడు. ముద్ద తిప్పాడు. చెయ్యి మళ్లీ వెళ్లింది. కుట్టు తగిలింది. వెనక్కి వచ్చింది. మూడోసారి వెళ్లినప్పుడు ఆయన రెండో చేత్తో దాన్ని పట్టుకున్నాడు.

“ఏమైంది మామయ్యా?” అంది కోడలు.

 కోడలు లేచి వచ్చి జేబు చూసింది, ఎర్రదారం చూసింది, గడప దగ్గరున్న నన్ను చూసింది. కోడలి బుర్ర పాదరసం, ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. అవతల గదిలో మావాడు పెట్టె కడుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది.

“తాతయ్యా, రొట్టె,” అంది పిచ్చుక నీరసంగా.

మా ఆయన పీట దగ్గర్నుంచి పక్కకి జరిగాడు. రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. “నువ్వు చెయ్యమ్మా,” అన్నాడు కోడలితో. “నేను చెప్తాను. ముందు పీట కడుగు. కర్ర కూడా. మరిగే నీళ్లతో.”

ఆయన గొంతు నాకే కొత్తగా ఉంది. కోడలు పీట తీసుకుని నా పక్కనుంచి వెళ్తూ ఆగింది. ఏదో అందామని నోరు తెరిచింది. “ముందు నీళ్లు పెట్టు, అవన్నీ తర్వాత,” అన్నాను. నా చెయ్యి గట్టిగా పట్టుకుని లోపలికి లాక్కెళ్లింది.

గదుల తాళంచెవి మావాడు ఆదివారం తిరిగి ఇచ్చేశాడు.

పిచ్చుక కోలుకుంది. మెల్లగానే, కానీ కోలుకుంది. తొలివానలు పడేనాటికి డాక్టరమ్మ బరువు చూసి, “ఇప్పుడు పిల్లలా ఉంది. ఆ ఇంట్లోనే ఉండనివ్వండి,” అంది. మేమందరం నవ్వాం. మా ఆయన కూడా నవ్వాడు. ఇంటికొచ్చాక చూస్తే పెరట్లో కొళాయి దగ్గర ఒక్కడే కూచున్నాడు.

“అన్నాళ్లూ నేనే పెట్టానా దానికి?” అన్నాడు, నా వంక చూడకుండా.

“నువ్వు పెట్టలేదయ్యా. చెయ్యి అలవాటు కొద్దీ పోయింది.”

“చెయ్యి నాది కాదూ?”

  పక్కన కూచున్నాను.

పిచ్చుక రొట్టె పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. వాళ్లమ్మ ఒత్తిన రొట్టె, ఒకవైపు మందం, ఒకవైపు పలచన. తాతయ్య ఒళ్లో ఎక్కి కూచుని, “నువ్వు తినిపించు,” అంది.

ఆయన రెండు చేతులూ పిల్లకి తగలకుండా దూరంగా పైకెత్తాడు. “ఉండమ్మా, చేతులు కడుక్కుంటాను.”

“ఇప్పుడేగా కడుక్కున్నావు! ఇంకా తడిగానే ఉన్నాయి,” అంది పిచ్చుక.

“అవును తల్లీ,” అని ఆయన మళ్లీ కొళాయి తిప్పాడు.